నురగ డబ్బా మీద నా కుళ్ళు

1968 వేసవి. నరసన్నపేటలో హైవే పక్కన, బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల నాకు పంక్చర్ షాపు ఉండేది. షాపు అంటే ఒక తాటాకు పందిరి, నీళ్ల తొట్టి, చేత్తో కొట్టే పంపు, జాకీ, రెండు లివర్లు. లివరంటే టైరు అంచుని రిమ్ము నుంచి పైకి లేపే ఇనప పట్టీ. ఇంతకు మించి నాకు ఆస్తి లేదు గానీ, పని తెలిసినవాడినన్న పేరు మాత్రం ఉండేది. లారీ డ్రైవర్లు ఇంకో పది మైళ్లు ఓర్చుకునైనా నా దగ్గరికే వచ్చి ఆగేవారు.

ఆ పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. అప్పటి టైర్లన్నీ లోపల ట్యూబ్ ఉన్నవే. చక్రం ఊడదీసి, ట్యూబ్ బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు వచ్చిన చోట చిల్లు ఉన్నట్టు. అక్కడ ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ అనే రబ్బరు జిగురు రాసి, పాచ్ అంటించాలి. ఇంతటితో అయిపోయిందనుకునేవాడికి పని రానట్టే. టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమి, ఆ చిల్లు పెట్టిన మేకునో ముల్లునో వెతికి తియ్యాలి. లేకపోతే అది మళ్లీ ట్యూబ్‌ని కొరుకుతుంది. అలా తడిమి తడిమి నా వేళ్ల నిండా గాట్లు పడ్డాయి. ఆ గాట్లు చూసుకుని నేను మురిసిపోయేవాణ్ని.

ఇక రాజు సంగతి. రాజు మా ఆవిడ సత్యవతికి ఒక్కగానొక్క తమ్ముడు. రైసుమిల్లు షావుకారు అంబాసిడర్‌కి డ్రైవరు. మడత నలగని చొక్కా, జేబులో దువ్వెన, ఎప్పుడూ నవ్వుమొహం. మనిషి మంచివాడే. నా కష్టమంతా అదే. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ని. నేను రోజంతా రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని దుమ్ము తింటుంటే, ఆ దుమ్ము లేపుకుంటూ అతను విశాఖపట్నం వెళ్లొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో చేప ముక్కల్లో పెద్దది అతని కంచంలోకే వెళ్లేది. నేను చూడనట్టు ఉండేవాణ్ని గానీ, ప్రతిసారీ ముక్కలు లెక్కపెట్టుకునేవాణ్ని.

ఆ వేసవి మొదట్లో ఒకరోజు పొద్దున్న, సరిగ్గా నా షాపు ఎదురుగా షావుకారు కారు వెనక ఎడమ చక్రం కూర్చుండిపోయింది. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల సంబరపడ్డాను. ఎంత తిరిగినా చివరికి నా దగ్గరికే కదా రావాలి అనుకుంటూ జాకీ, లివర్లు పట్టుకుని వెళ్లాను.

"ఆగు బావా, నీకెందుకు శ్రమ," అంటూ రాజు డిక్కీలోంచి ఒక డబ్బా తీశాడు. జానెడు పొడవు, మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు.

"ఏట్రా అది?"

"పంచరు మందు. షావుకారి మేనల్లుడు ఓడలో పన్జేస్తన్నాడు కదా, బయటి దేశం నుంచి తెచ్చినాడు. నిలబడి సూడు."

డబ్బా కొసనున్న గొట్టాన్ని చక్రం వాల్వుకి, అంటే గాలి ఎక్కించే చోట, తగిలించి పైన నొక్కాడు. బుస్సుమంది. కూలబడ్డ చక్రం నా కళ్లముందే మెల్లగా లేచి నిలబడింది. వాల్వు చుట్టూ కాస్త తెల్లటి నురగ మిగిలింది. రాజు దాన్ని గుడ్డతో తుడిచేశాడు. ఒక మనిషి టీ తాగి గ్లాసు కింద పెట్టేంత సేపు కూడా పట్టలేదు. ఆగి ఉన్న బస్సులోంచి జనం దిగొచ్చి చప్పట్లు కొట్టారు. "ఇంక సిమ్మాచలానికి పనేటుంటాది?" అన్నారెవరో. సింహాచలం అంటే నేనే. లివర్లు పట్టుకుని అలాగే నిలబడ్డాను. రాజు ఖాళీ డబ్బా రోడ్డు పక్కన పారేసి, హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి వార్త నాకంటే ముందే చేరింది. "మావోడు డబ్బాతోటి టైరు లేపేసినాడటగా!" అంది సత్యవతి, మొహం వెలిగిపోతూ. పదేళ్ల కాపురంలో నేను ఎన్ని వేల చక్రాలు లేపానో ఆమె ఒక్కసారైనా అడగలేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. ఆ నురగలో యాసిడ్ ఉంటుందని, రబ్బరుని తినేస్తుందని ఒకరికి చెప్పాను. ఎండ వేడికి టైరుకి నిప్పంటుకుంటుందని ఇంకొకరికి చెప్పాను. పై దేశాల్లో పోలీసులు దాన్ని పట్టుకుంటున్నారని లారీ డ్రైవర్లకి చెప్పాను. ఒక్కటీ నిజం కాదు, అన్నీ నా పందిరి కింద పుట్టినవే. మొదట్లో విన్నారు, తరవాత నవ్వడం మొదలుపెట్టారు. "సిమ్మాచలానికి కడుపుమంట" అనే మాట నా చెవినే పడింది. పడితే పడనీ అనుకున్నాను.

రాజు పారేసిన ఖాళీ డబ్బాని ఆరోజే ఏరి తెచ్చి, గోనెసంచి కింద దాచాను. రోజుకొకసారి తీసి చూసేవాణ్ని. నాకు ఇంగ్లీషు రాదు. మిషన్ బడిలో పాఠాలు చెప్పే యేసుదాసు మేష్టారు ఒకరోజు సైకిలుకి గాలి కొట్టించుకోడానికి వస్తే, ఆయన చేతికిచ్చి చదవమన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదివి చెప్పారు.

"ఇది తాత్కాలికం మాత్రమేనట సింహాచలం. మేకు ఉంటే ముందు తీసెయ్యాలి. తరవాత మెల్లగా నడపాలి. వీలైనంత తొందరగా చక్రం విప్పించి బాగు చేయించుకోవాలి. అంటే బండిని నీలాంటివాడి దగ్గరికి చేర్చడానికే ఈ మందు. నీకు పోటీ కాదు."

ఆ డబ్బా మీదే నా పని గురించి రాసి ఉంది! వెంటనే పరిగెత్తి రాజుకి చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెబితే చక్రం విప్పించుకుని ఊరుకుంటాడు, డబ్బా పరువు అలాగే ఉంటుంది. అలా కాకుండా నడిరోడ్డు మీద, నలుగురి ముందూ చతికిలపడనీ, అప్పుడు నా విలువ తెలుస్తుంది అనుకున్నాను. రెండు రోజులకి కారు టీకొట్టు దగ్గర ఆగి ఉంటే వంగి చూశాను. వెనక ఎడమ టైరు గాడిలో, రోడ్డుకి అరిగి నున్నబడ్డ మేకు తల కనిపించింది. నురగ చిల్లుని మూసింది గానీ మేకు లోపలే ఉంది. చూసి వచ్చి నా పని నేను చేసుకున్నాను. నా వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు చేత్తో చేసింది కాదు, ఇలా నోరు మూసుకుని చేసింది.

మేష్టారు చదివిన పది రోజులకి, మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ సత్యవతి అంది: "రేపు శ్రీకూర్మం ఎల్తన్నాం. అమ్మకి మొక్కున్నాది. షావుకారు కారిచ్చాడు, రాజు తీసికెల్తాడు."

"ఎవరెవరు?"

"అమ్మ, నేను, మన పిల్లలిద్దరు, రాజు పెళ్లాం, ఆళ్ల పిల్లలిద్దరు."

రాజుతో ఎనిమిది మంది. మండే ఎండ, ఇరవై మైళ్లకి తక్కువ కాని ప్రయాణం, మధ్యలో వంశధార దాటాలి. కంచం పక్కకి నెట్టాను.

"ఆ కారెక్కొద్దు. టైరులో మేకున్నాది."

సత్యవతి నవ్వింది. "నిప్పంటుకుంటాదన్నావు. యాసిడన్నావు. ఇయ్యేల మేకా? ఇంకేటి మిగిలిపోనాది మావా?"

మేష్టారు చేత చెప్పిద్దామంటే, బడికి సెలవులిచ్చారని ఆయన కోటబొమ్మాళిలో అత్తవారింటికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే జాకీ, లివర్లు, పంపు, పాచ్ సామాన్లు అన్నీ పట్టుకుని రాజు ఇంటికి వెళ్లాను. కారుకి బంతిపూల దండ కడుతున్నాడు.

"రాజూ, ఆ ఎనక సక్రం ఒక్కసారి ఇప్పనీరా. అరగంట పని."

"మూడు వారాలైనాది బావా, గాలి ఇంత కూడా తగ్గలేదు."

"గాడిలో మేకున్నాది, సూడు."

వంగి చూశాడు. మేకు తల మీద మట్టి పట్టేసింది. "రాయో రప్పో. గాడిలో ఇరుక్కున్నాది, అంతే."

"పోనీ స్టెప్నీ ఎయ్యి." స్టెప్నీ అంటే డిక్కీలో వెంట ఉంచుకునే అదనపు చక్రం.

"డబ్బా ఉండగా స్టెప్నీ ఎందుకని మిల్లులో దింపేసినాను. సామాన్లకి జాగా అయినాది." లేచి నిలబడి, నా భుజం మీద చెయ్యేసి మెత్తగా అన్నాడు: "నీ బాధ నాకు తెల్సు బావా. ఇంక సాలించు."

ఆ మెత్తదనం నాకు చెంపదెబ్బలా తగిలింది. అందరూ ఎక్కారు. మా చిన్నది కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతోంది. రాజు ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేను ఆ వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూలబడి, జేబులోంచి వాల్వు విప్పే చిన్న తాళం తీసి వాల్వు పిన్ను తిప్పేశాను. పిన్ను అంటే లోపలి గాలిని పట్టి ఉంచే సన్నటి ఇత్తడి ముక్క. గాలితో పాటు నురగ నా మొహం మీదా చొక్కా మీదా చిమ్మింది. కారు ఓ పక్కకి వాలింది. పిల్లలు నన్ను చూసి పగలబడి నవ్వారు. మా అత్త దిగి శాపనార్థాలు పెట్టింది. రాజు నా కాలరు పట్టుకున్నాడు.

"బావవి కాబట్టి బతికిపోనావు!"

ఎవరూ సాయం పట్టలేదు. అక్కడే జాకీ ఎత్తి చక్రం విప్పాను. మేకు అరవేలెడు పొడవుంది, లోపల వంగి ఉంది. దాని చుట్టూ ట్యూబ్ ఒరుసుకుపోయి, బొటనవేలి గోరంత చీలిక పడింది. ఎండిన నురగ ఆ చీలికని గంజి మీగడలా పట్టుకుని ఉంది. టైరు లోపలి నూలు పొర కూడా చిట్లింది. ఎనిమిది మంది బరువుతో, ఎండలో, హైవే వేగానికి అది వంశధార ఒడ్డునున్న మడపాం దాకా కూడా వెళ్లేది కాదు. మేకుని పైకెత్తి అందరికీ చూపించాను. నా జీవితంలో ఆ క్షణం కోసమే ఎదురుచూసినట్టు చూపించాను.

రాజు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఇది నువ్వే పెట్టుంటావు," అన్నాడు.

పంక్చర్ షాపు వాళ్లే రోడ్డు మీద మేకులు పోస్తారనే మాట ఈ వృత్తిలో అందరూ పడేదే. కానీ నా మీద అప్పటిదాకా ఎవరూ అనలేదు. సత్యవతి కూడా తల దించుకుంది గానీ కాదనలేదు. ట్యూబ్‌కి పాచ్ వేసి, చిట్లిన చోట టైరు లోపల గేటర్ అనే పాత టైరు ముక్క అడ్డం పెట్టి, చక్రం బిగించాను. వాళ్లు వెళ్లారు, సాయంత్రానికి ప్రసాదంతో క్షేమంగా తిరిగొచ్చారు. నేను బాగు చేసిన చక్రం మీద అతను అందరినీ తిప్పి తెచ్చాడని ఆరోజు కూడా కుళ్ళుకున్నాను.

ప్రసాదం నా చేతిలో పెట్టి సత్యవతి ఎదురుగా కూర్చుంది. "మేకు నువ్వు పెట్టలేదని నాకు తెల్సు. ఒకటి సెప్పు. గాలి మాకోసం తీసావా, ఆ డబ్బా పరువు తియ్యాలని తీసావా?"

"రెండూ."

"ముందేటి?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆ నెలలో చాలా చెప్పాను కాబట్టి ఇంకొకటి కష్టం కాదు. కానీ ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను. "డబ్బాయే. మేకు సంగతి వారం పైనుంచి తెల్సు. మీరెక్కుతారని నిన్ననే తెల్సింది."

ఆమె లేస్తూ, "పోయి రాజుకి సెప్పు. మేకు సంగతి కాదు, ఈ సంగతి," అంది.

మర్నాడు రాజు మిల్లు దగ్గర కారు కడుగుతున్నాడు. చెప్పేశాను: డబ్బా మీద కుళ్ళని, నీ మీద అంతకంటే ముందునుంచీ కుళ్ళని, యాసిడ్ మాట, నిప్పు మాట నేనే పుట్టించానని, డబ్బా మీద రాసింది మేష్టారు చదివి చెప్పినా దాచానని, మేకు చూసి కూడా నోరు మూసుకున్నానని.

"ఆళ్లెవరూ ఎక్కకుండా నేనొక్కణ్నే ఎల్తే సెప్పేవోడివా?"

"ఏమో రాజూ. సెప్పేవోణ్ని కాదేమో."

తడిగుడ్డ బకెట్లో విసిరికొట్టాడు. కొడతాడనుకున్నాను. డిక్కీ తెరిచి, మిగిలిన ఇంకో డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అయితే మేకు నిజమే అన్నమాట," అన్నాడు. "ఇదెలాగ వాడాలో మొత్తం సెప్పు."

వేళ్లన్నీ కోసుకుని నేర్చిన పని నా మాటకి ఇవ్వలేని విలువ, నాకు కుళ్ళుందని ఒప్పుకున్న ఆ ఒక్క మాట ఇచ్చింది. కుళ్ళు చల్లారాక నిజం చెబుదామని ఆగేవాళ్లని తరవాత చాలామందిని చూశాను. అది చల్లారదు. ఆరోజు ఆ నిండు డబ్బా చేతిలో పట్టుకుని, నా జాకీ ముందు ఇదెంత తేలికో చూసుకుంటే నాకు మళ్లీ కుళ్ళు రగిలింది. అయినా మేష్టారు చదివి చెప్పిందంతా పొల్లు పోకుండా రాజుకి చెప్పాను.