బెర్నార్దినా దీవెన

ఇక బానిసలెవరూ లేరని రియోలో ప్రకటించిన ఆ మే నెలలో నా దుకాణంలో బూట్లన్నీ అమ్ముడుపోయాయి. వారం తిరక్కుండానే చాలా జతలు వెనక్కి వచ్చాయి. బానిసన్నవాడు చెప్పులు తొడగకూడదు కాబట్టి, విడుదలైన ప్రతివాడికీ మొదట బూట్లే కావాలి. పుట్టినప్పటి నుంచీ రాళ్ల మీద నడిచి వెడల్పయిన పాదాలు వాటిలో పడితేగా! చివరికి జనం బూట్లను భుజాన వేలాడదీసుకుని వీధుల్లో తిరిగారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. నావీ అలాంటి పాదాలే.

బెర్నార్దినా మాత్రం తన జత తిరిగి ఇవ్వలేదు. మా ఎదురింటి దోనా ఉర్బానా గారికి వంటమనిషి. పసిపిల్లగా ఆ ఇంటికి అమ్ముడై వచ్చి, పొయ్యి దగ్గరే నడివయసు దాటింది. ప్రకటన మర్నాడు మూట కట్టుకుని పక్క సందులోంచి బయటికి వచ్చి, ఎటు వెళ్లాలో తోచక నా గడప మీద కూర్చుంది. తర్వాత కొండ మీద గది దొరికింది. బట్టలుతికే పని దొరికింది. కూతురే దొరకలేదు.

కూతురు లియోకాదియాకు పదిహేనేళ్లు ఉంటాయి. బానిసకు పుట్టినా బిడ్డ స్వతంత్రురాలే అనే చట్టం వచ్చాక పుట్టింది. అంటే ఇన్నాళ్లూ తల్లి బానిస, కూతురు కాదు. తీరా ఇప్పుడు తల్లి బయట, కూతురు లోపల. ఈ సంగతి బెర్నార్దినా తలకెక్కలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఎక్కలేదు.

"పిల్లని పంపమని అడిగావా?" అన్నాను.

"అడిగా తిబుర్సియో అన్నా. ఈ కబురు నీకొచ్చింది, దానిక్కాదంది అమ్మగారు. అది పుట్టుకతోనే విడుదలైంది కదా, మళ్లీ ఎలా విడుదల చేస్తారే అంది."

"బాగుంది వరస."

"పైగా బాప్తిస్మంలో దాన్ని ఎత్తుకున్న జ్ఞానతల్లిని నేను, నువ్వెవరివే అంది. నేనెవర్ని, అన్నా?"

"కన్నతల్లివి."

"ఇక్కడుంటే తెలుస్తుంది. అక్కడికెళ్తే మర్చిపోతున్నా."

ఆదివారం వచ్చి, "ఇవాళ వీధి గుమ్మంలోంచే వెళ్తా. బూట్లేసుకునే వెళ్తా. తోడు రా," అంది. కొవ్వు రాసి ఆ బూట్లు ఎలాగో ఎక్కించాను. కుంటుకుంటూ వీధి దాటింది. నేను తలుపు కొట్టేలోగా లోపల్నుంచి దోనా ఉర్బానా గొంతు వినిపించింది.

"కాఫీ ఏదే?"

పక్కకు తిరిగి చూస్తే బెర్నార్దినా లేదు. సందులోంచి పెరటివైపు పరిగెత్తాను. బూట్లు గడప దగ్గర విప్పేసి, వంటింట్లో పొయ్యి ఊదుతోంది.

"ఏం చేస్తున్నావే, మతి పోయిందా?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

"కాఫీ అడిగారుగా," అంది. తర్వాత తన చేతుల వంక చూసుకుంది. "నేనెందుకొచ్చానన్నా?"

ఇంతలో దోనా ఉర్బానా వచ్చింది. వెనక లియోకాదియా. దీవెన అడిగే అలవాటుకొద్దీ బెర్నార్దినా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది.

"దీవించండి అమ్మగారూ."

"దేవుడు దీవించుగాక. తిరిగొస్తావని నాకు తెలుసు. ఆ బూట్లేంటే, ఎవరి పెళ్లికి?"

ఆ ఇంట్లో పొద్దున, సాయంత్రం లియోకాదియా దీవెన అడిగేది జ్ఞానతల్లినే. కన్నతల్లి పక్కనే గిన్నెలు పట్టుకుని నిలబడేది. ఈసారి ఆ పిల్ల దోనా ఉర్బానాను దాటుకుని వచ్చి, తల్లి ముందు చెయ్యి చాచింది.

"దీవించమ్మా."

ఎవరిని అడుగుతోందోనని బెర్నార్దినా వెనక్కి తిరిగి చూసింది. వెనక పొయ్యి ఉంది, అంతే.

"దేవుడు దీవించుగాక," అంది దోనా ఉర్బానా అలవాటుగా.

"మిమ్మల్ని కాదండీ. మా అమ్మని."

చాచిన చెయ్యి అలాగే ఉంది. బెర్నార్దినా మసిచేతులు పావడాకు తుడుచుకుంది.

"దేవుడు..." అని ఆగిపోయి నా వంక చూసింది. "తర్వాతేంటన్నా?"

జీవితమంతా వింటూ వచ్చిన మాటే. మిగతాది నేను అందించాను. దాన్ని పట్టుకుని కూతురిని దీవించింది.

"జడ్జీ గారి దగ్గరికి వెళ్తాను. పిల్లని నాకే అప్పగించమంటాను," అంది దోనా ఉర్బానా. జడ్జీ ఏమంటాడో మాలో ఎవరికీ తెలియదు. లియోకాదియా ఒక చేత్తో బూట్లు, ఒక చేత్తో తల్లిని పట్టుకుని ఇంటి లోపలికి అడుగేసింది.

"సందు ఇటే," అంది బెర్నార్దినా.

"వీధి గుమ్మంలోంచి వెళ్దాం."

"ఈ ఇంట్లో అటు దారి నాకు తెలీదే."

"నాకు తెలుసు, రా," అంది కూతురు.