సాహెబు నోట్రంప్ మీద రెండు ఆటీన్లు

సీతాఫలం మగ్గిన వాసనకు మా ఇంట్లో అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం పేకాటలో మూడు నోట్రంప్ గుర్తుకొస్తుంది. ఈ ముక్క చెప్తే మా కోడలు బీపీ మిషన్ తెస్తుంది కాబట్టి, ఇక్కడ రాసుకుంటున్నాను.

మొయినాబాదులో వానలు వెనకబట్టి, కందిచేలు పూతకొచ్చి, మేం అవ్వ అని పిలిచే అమ్మ అటక మీద వరిగడ్డిలో సీతాఫలాలు మగ్గబెట్టే రోజుల్లో, ఆదివారం గుడి నుంచి వచ్చి జొన్నరొట్టె, అంబాడి ఆకు పప్పు తిన్నాక, బాపు గుడికి వేసుకున్న తెల్లకోటు విప్పకుండానే ముసాఫిర్ బంగ్లాకు బ్రిడ్జి ఆడటానికి వెళ్లేవాడు. బాపు చేవెళ్ల బడిలో పంతులు. క్రైస్తవుడు ఆదివారం పేక పట్టడం పాపమే గాని, పట్నం నుంచి చేవెళ్లకు పోతూ అక్కడ ఆగే తహసీల్దారు సాహెబుకు ఆ పూట నలుగురు కావాలి. పాస్టరు గారు మా వీధిలో నడిచేటప్పుడు ఆ ఒక్క పూట ఆకాశం చూసేవారు.

సాహెబు, ఆయన జోడీగా ముడిమ్యాల దొర; బాపు, ఆయన జోడీగా దవాఖాన కాంపౌండరు. కాంపౌండరుకు చలిజ్వరం వచ్చిన ఏడు ఆ కుర్చీ పన్నెండేళ్ల నాకు దక్కింది. ఆడపిల్లకు పేకాటేందని అవ్వ దగ్గుల మధ్య తిట్టింది. బాపు మాత్రం వారం రోజులు అరుగు మీద కూర్చోబెట్టి, లెక్కలు చెప్పినంత శ్రద్ధగా చెప్పాడు. నోట్రంప్ అంటే ఏ రంగుకూ పెత్తనం లేని ఆట. నిజాం రాజ్యంలో అలాంటిది ఒకటుండటం నాకు తెగ నచ్చింది.

"అవతలోళ్లు నోట్రంప్ అన్నరని భయపడి కూసోకు బిడ్డా. నీ చేతిల పొడుగు రంగు, అంటే ఒక్క రంగువే ఎక్కువ ముక్కలు ఉంటే, నోరు తెరిచి చెప్పు. మనం గెలువకున్నా, మొదలు ఏ రంగు ఎయ్యాల్నో నాకు ఎరుకైతది."

ఆట నియమాలన్నీ చెప్పాడు. బంగ్లా నియమం ఒక్కటి చెప్పడం మరిచాడు, చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదేమో. సాహెబు నోట్రంప్ అంటే దాని మీద ఎవరూ పెంచి పాడరు. "పాస్" అంటారు, తలలు ఊపుతారు, ఓడిపోతారు. రెండేళ్లుగా అలాగే జరుగుతోంది.

ఆ ఆదివారం బాపుకు ఒక పని ఉంది. ఆయన్ని అడవి తాలూకాకు బదిలీ చేస్తున్నారని కబురు. అవ్వకు ఉబ్బసం. ఊపిరాడనప్పుడు సూది వేసే దవాఖాన మొయినాబాదులోనే ఉంది, అక్కడ లేదు. సాహెబు విద్యాశాఖకు ఒక ఉత్తరం రాస్తే బదిలీ ఆగుతుంది. ఆట అయ్యాక రాస్తానని ఆయన మాటిచ్చాడు.

దొర తెచ్చిన సీతాఫలాలు తిని, చేతులు కడుక్కుని కూర్చున్నాం. మూడో పంపకంలో సాహెబు "ఒక నోట్రంప్" అన్నాడు. బాపు పాస్. దొర పాస్. నా చేతిలో ఆటీన్ ఆసు, రాజు, రాణి, జాకీ, ఇంకో చిన్న ముక్క. నేర్పిన పాఠం నేర్పినట్టు "రెండు ఆటీన్లు" అన్నాను.

దొర దగ్గాడు. సాహెబు నవ్వి, పిల్ల మాట కదా అని "రెండు నోట్రంప్" అన్నాడు. దొర దాన్ని మూడు చేశాడు. మొత్తం పదమూడు పట్లలో తొమ్మిది వస్తే వాళ్లు గెలిచినట్టు. మొదటి ముక్క వేయాల్సింది బాపు. ఆటీన్ వేస్తే వరసగా ఐదు పట్లు నావి, సాహెబు ఓడిపోతాడు.

బాపు నావైపు చూడలేదు. కళావరు వేశాడు.

సాహెబు తొమ్మిది పట్లు గుక్క తిప్పుకోకుండా లాగేసి, మిగిలిన ఆటీన్ నా ముందు పడేశాడు. చివరి నాలుగు పట్లు నావి, ఎవరికీ అక్కర్లేనివి. నా ఆసు కింద, రాజు కింద, రాణి కింద బాపు చేతిలోంచి ఒక్కొక్కటిగా మూడు ఆటీన్లు పడ్డాయి. దాచుకోవడానికి ఆయనకు వేరే ముక్కలు లేవు.

సాహెబు ఆ మూడింటినీ వేలితో పక్కకు తీసి చాలాసేపు చూశాడు. రెండేళ్ల గెలుపులన్నీ ఒకసారి తిరగేసుకున్నట్టున్నాడు.

"మాస్టర్ సాబ్, బిడ్డ గొంతెత్తి చెప్పింది గదా. సొంత బిడ్డ మాటకే నిలబడలేదు, రేపు నా మాటకేం నిలబడతరు?"

దొర సీతాఫలం గింజలు కాగితంలో జాగ్రత్తగా పొట్లం కట్టాడు. కలం, కాగితం అడిగినవాళ్లు లేరు.

దారిలో అడిగాను, "ఆటీన్లు ఉన్నయి గద బాపు, ఎందుకెయ్యలే?"

"గెలిస్తే సాబ్ ఖుషీగ రాస్తడనుకున్న బిడ్డా." కోటు గుండీలు పెట్టుకున్నాడు. ఎండ మండిపోతోంది.

అడవి తాలూకాలో అవ్వ ఒక చలికాలం పూర్తిగా, రెండోది సగం గడిపింది. బాపు మళ్లీ పేక ముట్టలేదు. పాస్టరు గారు విని సంతోషించారట. ఆ ఉత్తరం రాస్తే మాత్రం బదిలీ ఆగేదా అని, కాలేజీ చదువు చదివిన దాన్ని కాబట్టి అప్పుడప్పుడూ వాదించుకుంటాను. వాదనలో గెలుస్తాను కూడా.

ఇప్పుడు ఆ బంగ్లా లేదు, అక్కడొక ఫంక్షన్ హాలు. కందిచేలల్లో ఫామ్ హౌసులు. సీతాఫలాలు అట్టపెట్టెల్లో వస్తాయి, వాసన మాత్రం పాతదే. మొన్న ఆ వాసనలోనే మనవడి కంప్యూటరులో బ్రిడ్జి ఆడాను. అవతలి యంత్రం ఒక నోట్రంప్ అంది. నేను రెండు ఆటీన్లు అన్నాను. వాళ్లు మూడు నోట్రంప్ దాకా పోయారు. నా జోడీ యంత్రం క్షణం ఆలోచించకుండా ఆటీన్ వేసింది. దానికి బదిలీ లేదు, ఉబ్బసం ఉన్న భార్య లేదు.

గెలిచాం. మళ్లీ పంచమంటారా అని తెర మీద అడిగింది. వద్దని నొక్కి, చేతులు కడుక్కోవడానికి లేచాను.