జడ్డిగం దీపం

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువునూ దాని పని దాన్ని చేసుకోనిచ్చేదాన్ని కాదు. ఫోనులో ఇంటి అలంకరణ వీడియోలు చూసీ చూసీ నాకు పిచ్చి పట్టింది. జల్లెడకు ముళ్లు బిగిస్తే గడియారమైంది. ఎద్దుల మెడగంటలు స్నానాల గది తలుపెక్కాయి (లోపలికి ఎవరు పోయినా వీధికంతా తెలిసేది). "చాట గోడకెక్కిస్తే బియ్యం యాడ చెరిగేదే?" అని అమ్మ గొణిగేది. నేను వింటే కదా.

నాయన మా మేనత్తను చూడటానికి చిలమత్తూరు పోయిన రెండు రోజుల్లో నా కన్ను జడ్డిగం మీద పడింది. గొర్రుతో విత్తేటప్పుడు గింజలు పోసే చెక్క గిన్నె అది. అడుగునున్న కన్నాల్లోంచి గింజలు సాళ్లలోకి జారతాయి. రెండేళ్లుగా వానల్లేక అటక మీద దుమ్ము కొట్టుకుపోయి ఉంటే, దానికిక పనేముందిలే అనుకున్నాను. బోర్లించి, ఒక కన్నంలో వైరు దూర్చి, మిగతా వాటికి గాజుపెంకులు బంకతో అంటించి, నడింట్లో దీపంగా వేలాడదీశాను. ఆదివారం చూడటానికి వస్తానని మా బడి హెడ్‌మేడం మాటిచ్చారు మరి.

శనివారం సాయంత్రం వాన దంచి కొట్టింది. ఆ కబురు విని నాయన తెల్లారి మొదటి బస్సుకే వచ్చేశాడు. అప్పటికే మేడం వచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని, తలెత్తి నా దీపాన్ని మెచ్చుకుంటున్నారు. అటక వెదికి వచ్చిన నాయన, ఆమె చూస్తున్న వైపే చూశాడు.

"మేడం పోయినాక తీసుకో నాయనా" అని గుసగుసలాడాను.

"మేడం మళ్లా వస్తాది పాపా. పదును రాదు."

నిజమే. ఆ తడి ఆరితే మూడో ఏడూ చెనక్కాయ పంట లేనట్టే. నాయన ఎక్కిన స్టూలును మేడమే పట్టుకున్నారు. నేను కొత్త చీరలోనే, చాకుతో పెంకులు పెకలించుకుంటూ చేను దాకా పరుగెత్తాను. అమ్మ గింజలు పోసింది, నాయన గొర్రు తోలాడు. ఒక కన్నంలో బంక మిగిలిపోయిన సంగతి చేను ఆ కొసదాకా మొదటి పట్టు పూర్తయ్యాక గానీ తెలియలేదు. తుమ్మముల్లుతో పొడిచి తీశాను. వెనక్కి తిరిగి విత్తడానికి మాత్రం తీరిక లేకపోయింది.

పైరు మొలిచాక పచ్చటి చేలో ఒక్క సాలు ఎర్రమన్నుగానే మిగిలింది. నాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వచ్చినోళ్లందరినీ గట్టు మీద నిలబెట్టి, "ఈ సాలు మా పాప అలంకారం చేసింది సూడప్పా" అని చూపించేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఇప్పుడు మా చేను ట్రాక్టరు విత్తుతుంది. ఒక్క సాలూ తప్పదు. అయినా మొలకలొచ్చినప్పుడల్లా గట్టు మీద నిలబడి, ఎక్కడైనా తప్పిందేమోనని ఆశగా చూస్తాను.