తమ్ముడి లారీ, యాభై ఐదు అంగుళాల టీవీ

కుర్చీలో కూర్చున్నవాడి కళ్ల దగ్గర నుంచి గోడ దాకా ఏడడుగుల రెండంగుళాలు. టేపు ఒక కొసను మా తమ్ముడు ఎడమ చేత్తో నుదుటికి ఆనించి పట్టుకున్నాడు. రెండో కొస నేను గోడకు పట్టాను. వాడి కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. పక్షవాతం వచ్చి ఆ రోజుకు నూట నాలుగు రోజులు.

"గోడకు పెట్టే టీవీకి నా నెత్తి కొలుచుడేందక్కా?"

"కదలకు. అంగుళం తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి కొలవాలి."

ముప్పై మూడేళ్లు ఏఎన్ఎంగా చేశాను, చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లలో. పుట్టిన పిల్లల బరువులు, టీకాల తేదీలు, జ్వరాల లెక్కలు రాసీ రాసీ, రిజిస్టరు లేకపోతే రోజు గడిచినట్టు అనిపించదు నాకు. ఇప్పుడు డెబ్భై ఒకటి. తమ్ముడు నాకంటే పదకొండేళ్లు చిన్న. మరదలు పోయి, వాడి కూతురు పెళ్లయి ఖమ్మం వెళ్లాక, సారపాకలో వాడి ఇంటికి నేనే వచ్చి చేరాను.

వాడిది సొంత లారీ. సత్తుపల్లి వైపు తోటల నుంచి కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలేవాడు. పక్షవాతం వచ్చిన నాటి నుంచి లారీ ఇంటి ముందే నిలబడి ఉంది. ఎర్రుపాలెం నుంచి ఒకాయన కొంటానని కబురు పెడుతున్నాడు. తమ్ముడిది ఒకటే మాట: చెయ్యొస్తే నడుపుతా, రాకుంటే అమ్ముతా. వచ్చిందో రాలేదో తెలిసేది ఎట్లా? తెలుసుకోవడానికి ఆ చేత్తో రోడ్డెక్కించలేం కదా.

దానికి దారి చూపించింది మేనకోడలు. ఖమ్మంలో వాళ్లింట్లో మొగుడూ పెళ్లాలిద్దరూ ఆదివారం పూట టీవీలో బండ్లు నడిపే ఆట ఆడతారట. ఆ ఆట మిషనూ, బల్లకు బిగించే స్టీరింగూ తెచ్చి పెట్టి, ఎట్లా ఆడాలో చూపించి ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. భద్రాచలంలో ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ కూడా మంచిదే అంది. బంతి పిసకమంటే విసుక్కునే మనిషి స్టీరింగైతే గంటసేపు తిప్పుతాడని ఆవిడ లెక్క. అది నిజమే. కానీ మా పాత టీవీ ఇరవై నాలుగు అంగుళాలది. అందులో రోడ్డు నులకతాడంత కనపడేది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు వాడివి. ముందుకు వంగీ వంగీ మెడ పట్టేసింది. అందుకే పెద్ద టీవీ.

మేనకోడలు ఫోనులో మూడు ప్రశ్నలు చెప్పింది, కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఏడడుగుల దూరానికి యాభై ఐదు అంగుళాలు చాలు, అంతకంటే పెద్దది అంటగడతారు, తీసుకోవద్దు. రెండు, మిషను తీగ గుచ్చే చోటు టీవీకి పక్కన ఉండాలి, వెనకుంటే గోడకు పెట్టాక చెయ్యి దూరదు. మూడు, గేమ్ మోడ్ ఉందా?

భద్రాచలంలో కొట్టతను నన్ను నేరుగా అరవై ఐదు అంగుళాలదాని ముందు నిలబెట్టాడు.

"ఇందులో సీరియల్ చూశారంటే అత్తగారి కన్నీళ్లు ఎన్ని బొట్లో లెక్కపెట్టొచ్చమ్మా."

"సీరియల్ కోసం కాదు. లారీ నడపాలి."

అతను తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు గోడ వంక చూశాడు.

"లారీ అంటే..."

"యాభై ఐదుది చూపించు. తీగ పక్క నుంచి పోవాలి. గేమ్ మోడ్ ఉందా?"

"ఉందమ్మా. అన్నీ ఉంటయి ఇందులో."

మూడు ప్రశ్నలకూ మూడు టిక్కులు పెట్టుకున్నాను. టీవీ పెట్టెను పడుకోబెట్టకూడదన్నారు కాబట్టి ట్రాలీ ఆటోలో నిలబెట్టించి, పడకుండా నేను పక్కన కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాను. గోదావరి బ్రిడ్జి మీద గాలికి ఆ అట్టపెట్టె తెరచాపలా ఊగింది. ముందు సీటులోంచి తమ్ముడు "అక్కా, టీవీ పోతే పోనియ్, నువ్వు పోకు" అని అరిచాడు. పక్షవాతం వచ్చాక వాడు వేసిన మొదటి హాస్యం అదే. నవ్వే ఓపిక నాకు లేదు.

బిగించడానికి వచ్చినతను తలుపు పైకమ్మీకి సమానంగా పెడతానన్నాడు. అందరూ అంతే పెట్టించుకుంటారట. కూర్చున్నవాడి కళ్లు నేల నుంచి మూడడుగుల ఎనిమిదంగుళాల ఎత్తున ఉంటాయి, టీవీ నడిమధ్య అక్కడికి రావాలన్నాను. అంత కింద పెడితే బాగుండదని అతను, బాగుండడానికి కాదని నేను. చివరికి నేను గీసిన గీత మీదే బిగించాడు. రంగులు ధగధగలాడేట్టు తిప్పి, తెర మీద చిలక ఈకల బొమ్మ ఒకసారి చూపించి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి రిజిస్టరు మొదలుపెట్టాను. ఆ ఆటలో ఒక ఘాటు రోడ్డుంది, పది మలుపులు. గట్టుకు తగలకుండా ఎన్ని దాటితే అన్ని మార్కులు. పొద్దున టిఫినయ్యాక ఒక విడత, సాయంత్రం టీ తాగాక ఒక విడత.

మొదటి రోజు తమ్ముడు నవ్వుకుంటూనే కూర్చున్నాడు. "గేదె లేదు, ఆటో లేదు, ఒక్కడన్నా అడ్డం రాడు. గిది కూడా ఒక రోడ్డేనా?" అన్నాడు. రెండో మలుపులోనే గట్టును కొట్టాడు. మూడోది కొట్టాడు. పది మలుపులూ అయ్యేసరికి నవ్వు పోయింది.

"స్టీరింగ్‌ల ప్లే ఎక్కువుందక్కా. తిప్పినంక జర ఆగి తిరుగుతుంది బండి. ఈలోగా నేను ఇంకింత తిప్పుతున్న."

"ప్లే స్టీరింగులో లేదురా, నీ చేతిలో ఉంది" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. రిజిస్టరులో ఆ మాట లేదు, మూడు అనే అంకె మాత్రమే ఉంది. పాత టీవీలో ఆడిన రెండు రోజులూ అయిదేసి వచ్చాయి. కొత్తదాంట్లో మూడు. ఎందుకు తగ్గిందో రాసే గడిలో నీరసం అని రాశాను.

మూడు, నాలుగు, రెండు, మూడు. ముప్పై ఎనిమిది రోజులు అంతే. నాలుగు దాటలేదు. ఆ ముప్పై ఎనిమిది రోజులూ వాడి చేతికి నూనె రాశాను, వేలు వేలూ లాగాను, అన్నం కలిపి పెట్టాను, పెసర గింజలు ఏరించాను. నా మోకాళ్లు నాకే బరువు. సాయంత్రం విడత అయ్యేసరికి, రేపు మళ్లీ ఇదంతా చెయ్యాలి కదా అనిపించేది. ముప్పై ఎనిమిదో రోజున వాడు స్టీరింగు వదిలేసి రిజిస్టరు అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీ నుంచి చివరి దాకా చూసి మూసి నా చేతికిచ్చాడు.

"ఇంకేందక్కా. ఎర్రుపాలెమాయన్ను రమ్మను."

ఫోన్ చేశాను. ఎల్లుండి కాదు, ఆ పై ఆదివారం వస్తానన్నాడు ఆయన. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయానని కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. లారీ పోతే వాడు ఆ చేత్తో రోడ్డు మీదికి పోతాడేమోనన్న భయం పోతుంది.

ఆ మర్నాడు శనివారం. మధ్యాహ్నం తమ్ముడు పడుకున్నాడు. స్టీరింగు మీద దుమ్ము తుడుస్తుంటే ఆట మొదలైపోయింది. ఆపడం తెలియక కుర్చీలో కూర్చుని తిప్పాను. గట్టును కొట్టాను. నా జన్మలో ఏ బండీ నడపలేదు కాబట్టి ఆశ్చర్యపోలేదు. కానీ నాడి పట్టి లెక్కపెట్టిన చేతులు నావి. చెయ్యి తిరిగిన క్షణమూ బొమ్మ తిరిగిన క్షణమూ ఒకటి కాదని తెలిసింది. కొంచెం తిప్పి ఆగాను. ఆ తర్వాత తిరిగింది బండి. ఇరవైసార్లు చేశాను. ఇరవైసార్లూ అంతే.

పక్కింటి అమ్మాయిని పిలిచాను. రోజూ స్కూటీ మీద బ్రిడ్జి దాటి ఉద్యోగానికి పోయి వచ్చే పిల్ల. ఆమెకు మూడు వచ్చాయి.

"ఇదేంది పిన్నిగారూ, మా ఆయన లెక్క ఉంది. చెప్పినంక కాసేపాగి వింటుంది" అంది.

ఆమె వెళ్లాక మేనకోడలికి ఫోన్ చేశాను.

"గేమ్ మోడ్ పెట్టిన్రా అత్తా?"

"ఉందన్నాడు కొట్టాయన."

"ఉండుడు కాదత్తా. ఆన్ చేసిన్రా? అది చెయ్యకుంటే బొమ్మను అందంగా దిద్ది దిద్ది చూపిస్తది టీవీ, అందుకే లేటు. మీరు రిమోట్ పట్టుకోండి, నేను చెప్త."

"తర్వాత చేస్తాను" అని పెట్టేశాను.

మందుల ఫ్రిజ్ ఉందా అని అడిగి, ఉందంటే టిక్కు పెట్టుకుని, దానికి కరెంటు వస్తోందా అని చూడకుండా వెళ్లిపోయే సూపర్‌వైజర్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. వాళ్లను ఎన్ని మాటలన్నానో. ముప్పై ఎనిమిది రోజుల రిజిస్టరు, ఒక్క తేదీ తప్పు లేదు, ఒక్క కొట్టివేత లేదు. కానీ అందులో కొలిచింది తమ్ముడి చేతిని కాదు.

వెంటనే లేపి చెప్పాలి. చెప్పలేదు. శనివారం చెప్పలేదు, ఆదివారం చెప్పలేదు. చెబితే లారీ ఉంటుంది. లారీ ఉంటే ఒకరోజు ఎక్కుతాడు. చేతికి నిజంగా ఎంత బలం వచ్చిందో నాకు తెలియదు, ఆ కర్ర బరువు వెనకేసుకుని ఏ మలుపులో ఎవరి మీదికి పోతాడో తెలియదు. ఒక వారం నోరు మూసుకుంటే చాలు, అంతా అయిపోతుంది. అంతకంటే ఏమీ చెయ్యక్కర్లేదు. చెయ్యక్కర్లేకపోవడం ఎంత సుఖమో ఆ రెండు రోజులూ తెలిసింది. కానీ వాడు ఆ రెండు రోజులూ ఆట జోలికి పోలేదు. అన్నం ఎడమ చేత్తోనే తిన్నాడు. కుడి చేతిని ఇంట్లో చచ్చిన వస్తువును చూసినట్టు చూశాడు.

సోమవారం పొద్దున చెప్పాను. రెండు రోజులు దాచానని కూడా చెప్పాను.

వాడు మంచం మీది రిజిస్టరును పక్కకు నెట్టాడు.

"మొదటి రోజే అన్న గదా అక్కా, స్టీరింగ్‌ల ప్లే ఉందని."

"అన్నావు."

"ముప్పై ఏండ్ల సంది బండి నడుపుతున్నోణ్ణి. నా మాట ఇనకపోతివి. పుస్తకం మాట ఇన్నవ్."

"అవ్" అన్నాను.

మేనకోడలు ఫోనులో చెబుతుంటే గేమ్ మోడ్ పెట్టాను. రంగులు కొంచెం వెలవెలబోయాయి. బండి మాత్రం చేతితో పాటే తిరిగింది. ఆ పూట ఏడు. మంగళవారం ఎనిమిది. బుధవారం పొద్దున తొమ్మిది వచ్చినప్పుడు వాడు చిన్నపిల్లవాడిలా నా భుజం మీద కొట్టాడు, కుడి చేత్తోనే. నొప్పి పుట్టింది కూడా. "ఎర్రుపాలెమాయన్ను రావద్దని చెప్పక్కా" అన్నాడు. గురువారం దాకా ఆగుదామన్నాను. "ఇంకా ఏం కొలుస్తవ్?" అని కసిరాడు.

నిజానికి ఇంకా ఏం కొలవాలో నాకూ తెలియదు. ఆలస్యం కావాలి, అంతే.

గురువారం సాయంత్రం వాడు ఆపలేదు. ఘాటు అయ్యాక మళ్లీ ఘాటు, మళ్లీ. నేను పక్కన మంచం మీద కూర్చుని గీతలు పెడుతున్నాను. నలభై నిమిషాలు అయ్యేసరికి ఎందుకో టీవీ వంక కాక వాడి వంక చూశాను. ఎడమ చెయ్యి ఒక్కటే తిప్పుతోంది. కుడి చెయ్యి స్టీరింగు మీద నుంచి జారి తొడ మీద పడి ఉంది, వెల్లకిలా. వాడు టీవీలో రోడ్డు చూస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"తమ్ముడూ. చెయ్యి."

కిందికి చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

"ఎప్పుడు జారింది?" అన్నాడు.

"నాకూ తెలియదు. నేను చూసి మూడు మలుపులు అయింది."

"నాకు తెల్వనే లేదక్కా. పట్టుకున్న అనుకున్న."

ఆటలో లారీ గట్టుకు తగిలి ఆగిపోయింది. దాన్ని ఎవరూ కదిలించలేదు. కాసేపటికి వాడే లెక్క మొదలుపెట్టాడు, నేను కాదు. సత్తుపల్లి నుంచి ఇక్కడికి లోడుతో ఎంతసేపు, నలభై నిమిషాలకు ఎక్కడ దాకా వస్తాడు, అక్కడ రోడ్డు ఎట్లా ఉంటుంది, బడి ఎక్కడుంది.

"బడి పిల్లలు రోడ్డు దాటే టైముకు వస్త అక్కడికి" అన్నాడు.

చెయ్యి ఇంకా బాగుపడొచ్చురా అన్నాను. డాక్టరమ్మ ఏడాది దాకా ఆశ ఉందంది. అబద్ధం కాదు. తల ఊపాడు.

"బాగుపడనియ్. తినటానికి, గడ్డం గీసుకోవటానికి పనికొస్తది. ఆయన్ను రానియ్యక్కా."

ఆదివారం పదింటికి ఆయన డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. కాగితాల పని అయిపోయింది. క్యాబిన్లో తమ్ముడి సామాను ఉంది, వాడికి ఎక్కడం చేతకాదు, పరాయివాళ్ల చేత తీయించడం ఇష్టం లేదు. నేను ఎక్కాను. మూడు మెట్లు, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ. వాడు బండి తోలిన ముప్పై ఏళ్లలో నేను లారీ ఎక్కడం అదే మొదలు. అమ్మవారి పటం, దుప్పటి, నీళ్ల డబ్బా, టార్చిలైటు, మరదలి ఫోటో పెట్టిన ప్లాస్టిక్ కవరు ఒక్కొక్కటీ కిటికీలోంచి అందించాను. వాడు కింద నిలబడి కుడి చెయ్యి చాపి అందుకుని, ఎడమ చేతిలోకి మార్చుకుని అరుగు మీద పెట్టాడు.

సామాను అయిపోయింది. దిగడానికి కాలు చాపితే మోకాలు ఒప్పుకోలేదు. సీటులో వెనక్కి జారగిలబడ్డాను.

"దిగక్కా. వాళ్లకు పొద్దుపోతుంది."

"ఉండరా" అన్నాను. "కాసేపు కూర్చోనియ్యి."