తెర మీద మూడు, గ్యాస్ నాలుగులో

మాది ఒడిశా సరిహద్దు దగ్గర సోనేపూర్. దగ్గర్లోని రొయ్యల ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్ తుడుస్తాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడి కంప్యూటర్ తెర మీద వరుసగా ఉండే శీతల గదుల అంకెలు చదువుకోవడం నాకెంతో గొప్పగా ఉండేది.

ఒక మధ్యాహ్నం, గదులను చల్లబరిచే అమ్మోనియా గ్యాస్ లీకై సైరన్ మోగింది.

"ఏ గది బాబూ?" అని ఆపరేటర్‌ని అడిగాను.

"మూడు. నీకు సదువొచ్చు కదా మౌసీ, సూడు" అన్నాడు ఫోన్ అందుకుంటూ.

మూడు దగ్గరే ఎర్రగా వెలుగుతోంది. మా చెల్లెలు నూకాలు నాలుగో గదిలో పనిలో ఉంది.

"అయితే మా నూకాలుకేటీ కాదు" అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అందరూ మూడో గదికే పరిగెత్తారు. అక్కడ గ్యాస్ లేదు. నాలుగో గది తలుపు తీసేసరికి నూకాలు కింద పడి ఉంది. బతకలేదు.

గదుల రీడింగులన్నీ ఒకే వరుసగా కంప్యూటర్‌కి వస్తాయట. ఆ వరుసలో మొదటిదాన్ని కంప్యూటర్ సున్నా అంటుందట. దాన్ని కొత్తగా అమర్చినవాళ్లు మొదటిది ఒకటి అనుకుని తెర మీద గదుల పేర్లు పెట్టారు. సున్నా నుంచి లెక్కిస్తే మూడు అంటే నాలుగో గది. అందుకే నాలుగో గది గ్యాస్ మూడు దగ్గర కనిపించింది.

తర్వాత సరిచేశారు. ఇప్పుడు సైరన్ మోగితే నేను తెర వైపు చూడను. ప్రతి తలుపూ కొట్టి, లోపలున్నవాళ్లను పేరు పెట్టి పిలుస్తాను.