తడవకుండా ఇంటికొచ్చిన మొగుడు

యుద్ధం జరిగే రోజులు. మా ఆయన ఎంకటప్ప కుప్పం అవతల బంగారు గనిలో రాతికి డ్రిల్లు పట్టే మనిషి. గని కూలోళ్ళకు కట్టిచ్చిన లైనిండ్లలోనే మా కాపరం. రాగిచేను కోతలకని కుప్పం కాడ మా పల్లెకొచ్చినాము. ఆయన రాగి మోపు నెత్తికెత్తుకొని నాలుగడుగులేసి కూలబడినాడు.

"ఏం సామీ, రాగి మోపుకే ఇంత ఆయాసమా?" అని ఎగతాళి చేసినాను. నవ్వబోయి దగ్గినాడు. ఆ దగ్గు మళ్ళీ ఆగలా.

"దుమ్మేలే, బెల్లం తింటే పోతాది" అనేవాడు. గనిలో అందరిదీ అదే వైద్యం. మనిషి కరిగిపోయినాడు, సాయంత్రమైతే జరం. ఒకనాడు ఉమిస్తే నెత్తురు పడింది. నా పానం పోయినంత పనైంది.

పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులో పుంగనూరులో మా అన్న ఇంటికి, ఆడినుంచి మదనపల్లె శానిటోరియానికి పిలుచుకపోయినాము. స్పుటం టెస్టని కళ్ళె పరీక్ష చేసి, ఎక్స్-రే తీసినారు. డాక్టరమ్మ ఫిల్ము ఎలుతురుకు పట్టి సూసి, "టీబీ ఉండాదప్పా. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ కూడా ఉండాది. దుమ్ము లేవకుండా డ్రిల్లుకు నీళ్ళు పెట్టరా?" అనింది.

ఆయన తల వంచుకున్యాడు. "పైపుండాదమ్మా. మేమే నీళ్ళు కట్టేస్తాము. తడిగుడ్డలతో పైకొస్తే సలికి జరమొస్తాదని బయం."

అయ్యో దేవుడా! పనిలో చేరిన కొత్తల్లో ముద్దగా తడిసొచ్చేవాడు. తర్వాత పొడిగుడ్డలతో వస్తాంటే, మంచి పనికి మారినాడని సంబరపడినాను. ఆ గుడ్డలు విదిలిస్తే తెల్లగా రాలేది ఆయన ఆయుస్సేనని నాకేం తెలుసు?

మంచం దిగొద్దన్నారు. జబ్బు ఊపిరితిత్తి ముడుచుకొని మానేదానికి పక్కటెముకల సందున సూదితో గాలి పెట్టేవాళ్ళు, ఏ.పీ. అంటారు దాన్ని. మధ్యలో ఒకసారి ఊపిరితిత్తి పక్కన నీళ్ళు చేరి, మళ్ళీ జరం తిరగబెట్టింది. ఎట్లో గట్టెక్కినాడు.

"స్పుటం నెగెటివ్. టీబీ తగ్గింది. దుమ్ము మాత్రం పోదమ్మా, దానికి మందు లేదు" అని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకొని చెప్పింది.

ఇప్పుడు పుంగనూరులోనే ఉండాము. గోడకానుకొని కూర్చొనే నిద్రపోతాడు. పొయ్యి ఊదేదానికి కూడా ఊపిరి సాలదు.

మొన్న, అదే గనిలో డ్రిల్లు పట్టే ఆయన తమ్ముడు వచ్చి, ఉతకమని గుడ్డల మూట ఇచ్చినాడు. విప్పి విదిలిస్తే అదే తెల్లదుమ్ము. మా ఆయన సూసినాడు. అరిసేదానికి ఊపిరి లేదు. లేసి, బిందెడు నీళ్ళు తమ్ముని నెత్తిన కుమ్మరించినాడు.

"ఇట్ల... తడిసి రారా... ఇంటికి" అని ఒగుర్చుకుంటా కూలబడినాడు.

గనికి పోయే మొగుళ్ళుండే అమ్మల్లారా, డ్రిల్లు నీళ్ళు కట్టెయ్యొద్దని చెప్పండి. పైకొస్తానే మార్చుకునేదానికి సద్దిమూటతో పాటు ఒక పొడిపంచె కట్టి పంపండి. మొగుడు తడిగుడ్డలతో ఇంటికొస్తే సంతోషపడండి.