మడమతో నాటిన తుమ్మలు

మా అక్క మొగుడి నడక చూస్తే నాకు ఒళ్లు మండేది. యుద్ధం రోజులవి. కశింకోటలో మా చెరుకు పొలాలు పక్కపక్కనే. తొలకరి పడగానే బావ తన గట్టు మీద నడుస్తూ, నాలుగడుగులకోసారి ఆగి, పంచె మడతలోంచి తుమ్మగింజ తీసి మడమతో నేలలోకి నొక్కేవాడు. "ముళ్లు నాటుతున్నావేటి బావా?" అని నవ్వేవాణ్ణి. నా గట్టు చెట్లన్నీ అప్పటికే నరికి బెల్లం పొయ్యిలో పెట్టేసేను.

ఆ చెట్లు ఎదిగేక, ఏటా ఎండాకాలం గొర్రెల మంద వచ్చి ఆయన పొలంలోనే పడుకునేది. పెంటికల ఎరువంతా ఆయనకే. బావ కన్నా ఎక్కువ ధాన్యం ఇస్తాను, నా పొలానికి రమ్మన్నాను కాపరిని.

"గింజలు నాకు బాబూ. మరి నా జీవాలకి నీడేదీ?" అన్నాడు.

ఓ మధ్యాహ్నం బావ చెట్ల కింద రాలిన తుమ్మకాయలు గంపకెత్తి నా పొలంలో చల్లేను. గొర్రెలు వచ్చేయి. కాయలన్నీ తినేసి, పెంటికలు వెయ్యడానికి మళ్లీ ఆయన నీడకే పోయేయి! బావ అంతా చూసేడు. తిట్టలేదు. తిట్టినా బాగుండును.

మళ్లీ తొలకరికి నా గట్టు మీద మడమతో నొక్కుతూ కనిపించేడు.

"ఏటి సేత్తన్నావు బావా?"

"నీకూ నీడ కావాలి కదేటి," అన్నాడు.

బావ పోయి చాన్నాళ్లయింది. మంద ఇప్పుడు నా పొలంలోనూ పడుకుంటుంది. కాపరి మాత్రం, "ఇయ్యి మీ బావగారి సెట్లే గదా బాబూ?" అని నన్నే అడుగుతాడు. నరికేద్దామని ఎన్నిసార్లు గొడ్డలి పట్టుకెళ్లేనో. ఎండగా ఉంటుంది కదా, ఆ నీడలోనే కూర్చుని గొడ్డలికి పదును పెట్టుకుని ఇంటికొచ్చేస్తాను.